పంటకును ధరకును నడుమ

డిగ్రీలో మేనేజిమెంటును ప్రధాన విషయముగా చదువుట యనగా నేమి? ఆ చదువు పడమటి కర్నూలు బిడ్డలకు ఏ కొలువులను చూపును, ఏ కర్తవ్యమును అప్పగించును?

తుంగభద్ర దక్షిణ తీరమునందలి సి.బెళగల్ మండల గ్రామములనుండి ఎమ్మిగనూరు మీదుగా ఆదోనికి పోవు త్రోవలో, దసరా వెళ్లినది మొదలు సంక్రాంతి దాటువరకును, పత్తి బోరెములు నింపిన ట్రాక్టర్లును లారీలును సాగుచుండును. వానను నమ్మి విత్తనము వేసిన రైతు, గులాబిరంగు పురుగుతోడను, కూలి రేట్లతోడను, అప్పుమీది వడ్డీతోడను నెలల తరబడి పెనుగులాడి, ఇంటిల్లిపాదియు ఏరిన పత్తిని ఆదోని మార్కెట్ యార్డులో కుప్పవోసిన పిదప, ఆ కుప్ప విలువను నిర్ణయించు పని మాత్రము అతని చేతిలో నుండదు. దూది పింజ పొడవెంత, తేమ యెంత, పత్తిగింజకు నూనె మిల్లులలో ఆనాడు పలుకు ధర యెంత, ముంబయిలోను న్యూయార్కులోను దూది బేరము ఎటు మొగ్గినది, జిన్నింగు మిల్లు యజమాని బ్యాంకునకు కట్టవలసిన వడ్డీ యెంత అను పలు విషయములు కలిసి కొన్ని గంటలలో తేల్చు ఆ ధరలో అతని యేడాది శ్రమయంతయు ఇమిడియున్నది. పండించుట యెరిగినవారు ఈ సీమలో కొదువ లేరు. నేయుట యెరిగినవారును కొదువ లేరు. అయితే పంటకును ధరకును నడుమ, మగ్గమునకును అంగడికిని నడుమ నున్న విశాలమైన వ్యవహార ప్రదేశమును ఎరిగి, లెక్కవేసి, నలుగురిని కూడగట్టి, ఒక సంస్థగా నిలిపి నడుపగలవారు ఇచట అరుదు. మేనేజిమెంటు అను పేరుతో నేడు డిగ్రీ కళాశాలలలో బోధింపబడుచున్న విద్య ఆ నడుమ ప్రదేశమును గూర్చినదే.

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన వేసవిలో, సి.ఇ.సి.యో ఎం.ఇ.సి.యో ముగించిన బిడ్డను వెంటబెట్టుకొని కళాశాల ఆఫీసు గదికి వచ్చిన తండ్రి, ఈ మేనేజిమెంటు డిగ్రీయగు బి.బి.ఏ.ను గూర్చి మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: “బి.బి.ఏ. చదివితే ఏం ఉద్యోగమొస్తాది సార్?” వానలు తప్పిన యేడు సుగ్గికి, అనగా వలసకూలికి, గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడముల పనులకును తరలిపోయి, అచట కూడబెట్టిన రూకలతో బిడ్డలను చదివించుకొను కుటుంబములు గల ఈ ప్రాంతమున, ఆ ప్రశ్నను అల్పమైనదని త్రోసిపుచ్చుటకు ఎవరికిని అధికారము లేదు. దానికి సూటియైన సమాధానము చెప్పవలెను. పట్టా తనంతట తాను ఉద్యోగమును తెచ్చిపెట్టదు. చేతికందునంత దగ్గరగా చూచి నేర్చిన ఒక వృత్తితో, ఒక సరుకుతో, ఒక ప్రజతో ఆ పట్టాను జతపరచినవానికి మాత్రము అది పెక్కు తలుపులను తెరచును. పడమటి కర్నూలు విద్యార్థికి అట్టి వృత్తిజ్ఞానము గడపలోనే యున్నది.

ఎమ్మిగనూరు చూపిన దారి

ఈ మాటకు నిదర్శనము వెదకుటకు సముద్రములు దాటనక్కరలేదు. 1938వ సంవత్సరమున, ఎమ్మిగనూరు ఇంకను మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో చేరియున్న కాలమున, మాచాని సోమప్పగారి చొరవతో అచటి నేతగాండ్ర సహకార సంఘము ఏర్పడినది. నేటికిని వై.డబ్ల్యు.సి.ఎస్. అను పొడి అక్షరములతో జనులు పిలుచు సంఘమిదియే. అంతకు పూర్వము, దేశమందలి నేతపేటలన్నిటియందువలెనే, నేతగాడు వ్యాపారియొద్ద నూలును అప్పు తెచ్చుకొని, నేసిన బట్టను ఆ వ్యాపారికే ఇచ్చుచుండెను. కావున కొనుగోలు ధరను నిర్ణయించువాడును అమ్మకపు ధరను నిర్ణయించువాడును ఒక్కడే యగుటచే, పడుగుపేకల నడుమ తెల్లవార్లు శ్రమించిన చేతికి దక్కునది కూలికి మించినది కాకపోయెను. సహకార సంఘము చేసిన పని ఈ క్రమమును విడదీయుట. నూలును మొత్తముగా కొని సభ్యులకు పంచుట, నేసిన బట్టను పరీక్షించి మజూరి చెల్లించుట, రంగులద్దకమునకు ఏర్పాటు చేయుట, సరుకును నిలువచేసి మంచి విపణికి పంపుట, మిగులును సభ్యులకే తిరిగి చేర్చుట అను అయిదారు పనులను ఒక్క కప్పు క్రిందకు తెచ్చినంతనే, మగ్గము మారకపోయినను, నేతగాని చేతి నైపుణ్యము మారకపోయినను, అతని బ్రతుకు మారుట కవకాశము కలిగినది. సోమప్పగారికి భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము నొసగి గౌరవించినది.

నేటి బి.బి.ఏ. పాఠ్యప్రణాళికను ఎదుట పెట్టుకొని ఈ సంఘపు పనులను ఒక్కొక్కటిగా చూచినచో, వస్తుసేకరణ, ఉత్పత్తి నిర్వహణ, నాణ్యత పరీక్ష, ద్రవ్య నిర్వహణ, విక్రయ శాస్త్రము, మానవ వనరుల నిర్వహణ అను పాఠములన్నియు అందులో నున్నవని తేటపడును. ఆ పాఠములను గ్రంథములలో చదువుటకు ముందే ఒక నేతపేట వాటిని ఆచరించి చూపినదని గ్రహించిన విద్యార్థికి గ్రంథము పరాయిదిగా తోచదు.

అయితే ఈ కథలో రెండవ పాఠమును కలదు. దానిని దాచుట న్యాయము కాదు. తెలుగుదేశమంతటను చేనేత సహకార సంఘములు కాలక్రమమున బలహీనపడినవి. మరమగ్గముల పోటీ, మారిన జనాభిరుచి, ప్రభుత్వ కొనుగోళ్లమీదనే అధికముగా ఆధారపడుట, రావలసిన బకాయిలు నిలిచిపోవుట అను కారణములచే, ఒకనాడు వేలాది కుటుంబములకు నీడనిచ్చిన సంస్థలు మూలధనము కొరవడి కుంగినవి. చేనేతకు కొన్ని రకముల వస్త్రములను ప్రత్యేకించుచు 1985లో పార్లమెంటు చేసిన చట్టము సైతము ఆ క్షయమును సంపూర్ణముగా ఆపలేకపోయినది. ఒక మహనీయుని సంకల్పము సంస్థను పుట్టింపగలదు. దానిని తరతరములు నిలుపుటకు మాత్రము తర్ఫీదు పొందిన వారసులు కావలెను. విపణి ఎటు మారుచున్నదో ముందుగా పసిగట్టువారు, లెక్కలను సభ్యులయెదుట తెరచి చూపువారు, నష్టము వచ్చిన విభాగమును ధైర్యముతో సరిదిద్దువారు ఏటేట తయారగుచుండవలెను.

ఒక విద్య పుట్టుక

వ్యాపారమును కళాశాలలో బోధించుట లోకమునకు మరీ ప్రాచీనమైన విషయము కాదు. 1881లో జోసెఫ్ వార్టన్ అను అమెరికా పారిశ్రామికుడొసగిన లక్ష డాలర్ల విరాళముతో ఫిలడెల్ఫియాయందలి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో వ్యాపార విద్యాశాల వెలసినది. అది మొదట పుట్టినది పట్టభద్రులైన పిదప చదువుకొనువారికి గాక, డిగ్రీ విద్యార్థులకే యని గుర్తింపదగును. పిదప 1911లో ఫ్రెడరిక్ టేలర్ కర్మాగారమందలి పనిని కొలిచి విభజించు పద్ధతిని గ్రంథస్థము గావించెను. గనుల సంస్థను దీర్ఘకాలము నడిపిన ఫ్రెంచి ఇంజనీరు హెన్రీ ఫయోల్, 1916లో, ప్రణాళిక రచించుట, వ్యవస్థీకరించుట, ఆదేశించుట, సమన్వయించుట, అదుపు చేయుట అను అయిదు పనులుగా నిర్వహణను విశదీకరించెను. వీరిద్దరును గనిలోను కార్ఖానాలోను చేతులు నలిపినవారే. సిద్ధాంతము అనుభవము వెనుక నడచినది.

మనదేశమున ఈ విద్య స్థిరపడుటలో తెలుగువారి పాలు కొంచెమైనది కాదు. హైదరాబాదులోని బెల్లా విస్టా భవనమున 1956లో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి, ఉద్యోగములలో నున్న ఉన్నతాధికారులకు నిర్వహణ శిక్షణ నిచ్చుటకై ఏర్పడినది. 1957లో వాల్తేరునందలి ఆంధ్ర విశ్వవిద్యాలయము ఎం.బి.ఏ. తరగతులను ప్రారంభించి, దేశములో ఆ బాటలో నడచిన తొలి విశ్వవిద్యాలయముల సరసన నిలిచినది. కలకత్తాలోను అహమదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంట్ సంస్థలు వెలసినది అటుపిమ్మట 1961లోనే. విశాఖపట్టణమున అట్టి సంస్థ 2015లో నెలకొన్నది.

తెలుగు నేలమీద జరిగిన మరియొక ప్రయోగము, మేనేజిమెంటు విద్యనుగూర్చి సందేహించువారందరును ఎరుగదగినది. హార్వర్డు విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థయగు సియెట్ సహకారముతో, 1964లో కాకినాడలోని చిన్న వ్యాపారులకును పారిశ్రామికులకును కొద్ది దినముల శిక్షణ నిప్పించెను. సాధింపవలెనను కాంక్షను, లక్ష్యమును తానే నిర్ణయించుకొని ఫలితమును తానే కొలుచుకొను అలవాటును నేర్పవచ్చునా అనునది ఆయన ప్రశ్న. శిక్షణ పొందినవారు పిమ్మటి కాలమున, పొందనివారికంటె ఎక్కువగా క్రొత్త పనులకు పూనుకొనిరని ఆ పరిశోధన తేల్చెను. 1969లో వెలువడిన గ్రంథము దానిని లోకమునకు వివరించెను. వ్యాపారదక్షత కొన్ని కులములకును కొన్ని కుటుంబములకును పుట్టుకతో సంక్రమించునదను నమ్మకము మన సమాజమున లోతుగా నాటుకొనియున్నది. దానిని ఆదోని అంగడి వీధులలో నేటికిని వినవచ్చును. కాకినాడ ప్రయోగము ఆ నమ్మకమునకు ఎదురు నిలిచి, నేర్పినచో నేర్వవచ్చునని చూపినది. తాతముత్తాతలలో ఒక్కడును గల్లాపెట్టె ముందు కూర్చుండి యెరుగని కూలివాని కుమార్తె బి.బి.ఏ. తరగతిలో చేరుటకు ఇంతకంటె గట్టి ఆధారమేమి కావలెను?

మూడేండ్ల చదువులో ఏమున్నది

కర్నూలులో 2008లో ఏర్పడిన రాయలసీమ విశ్వవిద్యాలయ పరిధిలోని కళాశాలలందు, రాష్ట్రమందలి ఇతర డిగ్రీ కళాశాలలందువలెనే, ఇంటర్మీడియట్‌లో ఏ గ్రూపు చదివినవారైనను ఈ కోర్సున చేరవచ్చును. రాష్ట్రములో 2023-24 విద్యాసంవత్సరము నుండి ఒక్క ప్రధాన విషయమును ఎన్నుకొని, దానితో ఉపవిషయమును జతచేసికొను పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఇట్టి నియమములు మారుచుండునవి కావున, చేరునప్పుడు అమలులోనున్న పద్ధతిని కళాశాలలో అడిగి తెలిసికొనుట ఉచితము. 2024-25 నుండి బి.బి.ఏ. కోర్సులు అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అనగా ఏ.ఐ.సి.టి.ఇ., పర్యవేక్షణలోనికి వచ్చినవి. ఆ మండలి మాదిరి పాఠ్యప్రణాళికను సైతము వెలువరించినది.

పాఠ్యాంశములు స్థూలముగా నాలుగు తెరగులు. అకౌంటింగు, కాస్టింగు, ద్రవ్య నిర్వహణ, పన్నులు అను లెక్కల వర్గము మొదటిది. పూర్వపు గుమాస్తాలు చిట్టా ఆవర్జాలతో నడిపిన పనికి ఇది శాస్త్రీయమైన విస్తృతి. అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, వ్యాపార చట్టములు అను పునాది వర్గము రెండవది. మార్కెటింగు, ఉత్పత్తి, సరఫరా అను వ్యవహార వర్గము మూడవది. మనుష్యులు గుంపుగా పనిచేయునప్పుడు ఎట్లు ప్రవర్తింతురు, వారిని ఎట్లు ఎన్నుకొనవలెను, ఎట్లు ప్రోత్సహింపవలెను అను మానవ వనరుల వర్గము నాలుగవది. ఈ నాలుగవ రంగమున తెలుగువారికి గర్వకారణమైన పేరు టి.వి.రావుగారిది. అహమదాబాదు సంస్థలో ఆచార్యులైన వీరు, ఉదయ్ పారీక్‌తో కలిసి, లార్సెన్ అండ్ టుబ్రో సంస్థలో మానవ వనరుల అభివృద్ధి విభాగమునకు 1970ల నడుమ రూపకల్పన చేసి, దేశమున ఆ రంగమునకే బాట వేసిరి.

ఈ పాఠములను నిర్జీవ నిర్వచనములుగా కంఠస్థము చేయించుటయు, జీవముతో బోధించుటయు గురువుల చేతిలోని పని. ఒక్క ఉదాహరణము చూతము. క్వింటాలు పత్తిలో సుమారు మూడవ వంతు దూది, మిగిలినది గింజయు తరుగును. 170 కిలోల దూది బేలు ఒకటి కట్టుటకు రమారమి 5 క్వింటాళ్ల పత్తి కావలెను. క్వింటాలు 7,500 రూపాయలకు కొన్నట్లు భావించినచో పత్తి ఖరీదు 37,500. గింజ 320 కిలోలు వచ్చి, కిలో 35 రూపాయల చొప్పున అమ్ముడుపోయినచో దానిద్వారా 11,200 తిరిగి వచ్చును. జిన్నింగు, ప్రెస్సింగు ఖర్చులు 1,500 అనుకొనినచో, దూది కిలో ఖరీదు సుమారు 163 రూపాయల 50 పైసలకు తేలును. ఇపుడు తేమ మాట యెత్తుదము. కాటన్ కార్పొరేషన్ మద్దతు ధరకు కొనునపుడు 8 శాతము తేమను ప్రమాణముగా గైకొని, 12 శాతము మించినదానిని తీసికొనదు. ఆ 4 శాతపు తేడా 5 క్వింటాళ్లలో 20 కిలోల నీరు, రూపాయలలో 1,500. అనగా తేమను చూడక కొన్న మిల్లుకు కలుగు నష్టము ఒక బేలు జిన్నింగు ఖర్చంత యని, తన తల్లిదండ్రుల కళ్లమునుండియే కాస్టింగు పాఠము నేర్చిన విద్యార్థికి బోధపడును. ఇట్టి లెక్క నేర్చినవాడు పరీక్షలో తప్పుట దుర్లభము; ఉద్యోగపు ఇంటర్వ్యూలో తడబడుటయు దుర్లభమే.

మన రాష్ట్రపు డిగ్రీ చదువులో చేరిన మరియొక మేలు, మొదటి సంవత్సరము పిదప గ్రామములలో చేయు సామాజిక సేవా ప్రాజెక్టును, తరువాతి ఇంటర్న్‌షిప్పులును. వీనిని కాగితముపై ముగించి మార్కులు వేయించుకొను దురాచారము పెక్కుచోట్ల కలదు. అట్లుగాక, సి.బెళగల్ విద్యార్థి తన మండలమందలి ఉల్లిగడ్డ పొలము విడిచినది మొదలు కర్నూలు మార్కెట్టు చేరువరకు ఎంత కుళ్లినది, ఎచట ఎంత హమాలీ, ఎంత కమీషను పడినది అని నిజాయితీగా లెక్కగట్టినచో, లేదా ఎమ్మిగనూరు నేతకుటుంబము ఒక చీరకు నూలునుండి అమ్మకమువరకు పెట్టిన ఖర్చును కాలమును వివరముగా వ్రాసినచో, ఆ నివేదికయే అతని చేతిలోని మొదటి యోగ్యతాపత్రము.

పట్టా చేతికి వచ్చిన పిదప

ఇక తండ్రి యడిగిన ప్రశ్నకు వత్తము. బి.బి.ఏ. పట్టభద్రుని ముందు ప్రధానముగా నాలుగు బాటలున్నవి.

మొదటిది బ్యాంకులును ప్రభుత్వ కొలువులును. బ్యాంకు పరీక్షలకు ఏ డిగ్రీయైనను సరిపోవును. అయితే అకౌంట్లు, ఆర్థిక విషయములు మూడేండ్లు చదివినవారికి ఉద్యోగములో చేరిన పిదప దారి సులువగును. 2025 మే 1న రాష్ట్రమందలి నాలుగు గ్రామీణ బ్యాంకులు విలీనమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినవి. రాయలసీమ పల్లెలలో చిరకాలముగా పరిచితమైన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అందులో నొకటి. గ్రామీణ బ్యాంకులలో ఆఫీసు అసిస్టెంటు పరీక్షకు 18 నుండి 28 ఏండ్లు, మొదటి శ్రేణి అధికారి పరీక్షకు 18 నుండి 30 ఏండ్లు సాధారణ వయఃపరిమితి. రిజర్వేషను వర్గములకు సడలింపు కలదు. స్థానిక భాష తెలిసియుండుట ఇట్టి కొలువులలో అవసరము కావున, పల్లె నుడికారము నెరిగిన బిడ్డకు అది బరువు గాక బలము. గ్రూపు పరీక్షలలో పెక్కు ఏ డిగ్రీ వారికైనను తెరచియున్నవి.

రెండవది పైచదువు. రాష్ట్ర కళాశాలలలో ఎం.బి.ఏ.కు ఐసెట్, జాతీయ సంస్థలకు క్యాట్ మున్నగు ప్రవేశ పరీక్షలు కలవు. ఇండోరులోని ఐ.ఐ.ఎం. 2011లో ఇంటర్మీడియట్ పిదప నేరుగా చేరదగిన అయిదేండ్ల కోర్సును ప్రారంభించినది; మరికొన్ని ఐ.ఐ.ఎం.లును ఆ బాట పట్టినవి. ఎం.బి.ఏ.లో చేరుటకు ముందు రెండు మూడేండ్లు ఏదైన సంస్థలో పనిచేయుట మేలని మా అభిప్రాయము. హైదరాబాదులో పెరిగి, సాఫ్ట్‌వేరు సంస్థలను నడిపి లోకప్రసిద్ధులైన సత్య నాదెళ్ల, శంతను నారాయణ్ ఇరువురును మొదట ఇంజనీరింగు చదివినవారే. పిమ్మట నాదెళ్ల షికాగో విశ్వవిద్యాలయమునను, నారాయణ్ బర్క్‌లీయందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునను ఎం.బి.ఏ. చేసిరి. తెలిసిన పనికి నిర్వహణ జ్ఞానము తోడైనపుడు దాని శక్తి యినుమడించును. ఖర్చు, పన్ను లెక్కలయందు అభిరుచి గలవారికి సి.ఎ., సి.ఎం.ఎ., కంపెనీ సెక్రటరీ అను వృత్తివిద్యలు మరింత కఠినమైనను మరింత స్థిరమైన బాటలు.

మూడవది ప్రైవేటు రంగము. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోని సరుకు రవాణా సంస్థలు, చిల్లర వర్తక గొలుసు దుకాణములు, ఆసుపత్రులు, బీమా సంస్థలు బి.బి.ఏ. వారిని ప్రారంభ స్థాయిలో చేర్చుకొనుచున్నవి. దగ్గరలో చూడవలెనన్న, ఆదోని జిన్నింగు మిల్లులు, నూనె మిల్లులు, యాత్రికుల రాకతో ఏడాది పొడుగున సందడిగా నుండు మంత్రాలయపు వసతి గృహములు, సరిహద్దు కావల బళ్లారి జిల్లా తోరణగల్లు ఉక్కు పరిశ్రమయు దానిని ఆశ్రయించిన అనుబంధ సంస్థలును కలవు. ఇచట ఒక హెచ్చరిక యవసరము. ప్రారంభ స్థాయి కొలువులలో పెక్కు ‘మేనేజరు’ అను పేరు తగిలించుకొన్న విక్రయపు పనులే. నెలకింత అమ్మవలెనను టార్గెటు ఒత్తిడియే వానిలో ప్రధానము. అట్టి పని అవమానకరము కాదు. విపణిని ఎరుగుటకు అంతకంటె మంచి బడి లేదు. కాని రెండేండ్లలో తాను ఏమి నేర్చెదనో యెరిగి చేరుటకును, పేరునకు మురిసి చేరుటకును చాల భేదమున్నది.

ఊరు విడువని కొలువు

నాలుగవ బాటను గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన దానిని చూపువారు తక్కువ. 2020లో కేంద్ర ప్రభుత్వము 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘములను నెలకొల్పు పథకమును ఆరంభించినది. మైదాన ప్రాంతములలో కనీసము 300 మంది రైతులు సభ్యులుగా గల ఇట్టి సంఘమునకు మూడేండ్లలో 18 లక్షల రూపాయలవరకు నిర్వహణ వ్యయమునకై సాయము లభించునట్లు ఆ పథకము ఏర్పరచినది. ప్రతి సంఘమునకు ఒక ముఖ్య కార్యనిర్వహణాధికారి యుండవలెను. వ్యవసాయ పట్టభద్రులతోపాటు బి.బి.ఏ. చదివినవారికిని ఆ పదవికి అర్హత కల్పింపబడినది. ఎరువులు విత్తనములు మొత్తముగా కొనుట, మిరపను కందులను శుభ్రపరచి తరగతులుగా విడదీయుట, గోదాము రసీదుపై ఋణము తెచ్చి ధర పడిపోయిన దినములలో అమ్మకమును ఆపుట, దూర విపణులతో బేరము కుదుర్చుట అతని పని. ఎమ్మిగనూరున నాడు నేతగాండ్రకు సంఘము చేసిన మేలు, నేడు రైతునకు చేయవలసినది ఇట్టి సంఘములే. సంఘములు రిజిస్టరైనంత మాత్రమున బ్రతుకవు. మూడేండ్ల సాయము ముగిసిన పిదపను తన కాళ్లపై నిలువగల వ్యాపారము వానికి కావలెను. ఆ వ్యాపారమును నిర్మింపగల యువకులు కావలెను.

స్త్రీల పొదుపు సంఘములు ఈ నాలుగవ బాటలో రెండవ క్షేత్రము. కర్నూలు సమీపమున ఓర్వకల్లులో, 1990లలో మొలకెత్తిన పొదుపు సంఘములు పొదుపులక్ష్మి ఐక్యసంఘముగా పెంపొంది, అప్పులిచ్చుటతో ఆగక, బాలభారతి అను పాఠశాలను సైతము నడిపినవి. అక్షరాస్యత అంతంతమాత్రమైన స్త్రీలు ఇంత చేయగలిగినపుడు, వారి కుమార్తెలు మేనేజిమెంటు పట్టాతో అదే సంఘములో చేరి లెక్కలను, విపణి సంబంధములను చేపట్టినచో ఆ శక్తి ఎంత విస్తరింపగలదో ఊహింపవచ్చును. ఆడబిడ్డను దూరనగరమునకు పంపుటకు జంకు కుటుంబములకు ఈ బాట మరింత అనుకూలము.

స్వయముగా పరిశ్రమ పెట్టదలచినవారికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకము క్రింద ఉత్పత్తి రంగములో 50 లక్షలవరకు, సేవారంగములో 20 లక్షలవరకు గల ప్రాజెక్టులకు బ్యాంకు ఋణముతో కూడిన రాయితీ లభించును; గ్రామీణ ప్రాంతమున సాధారణ వర్గమునకు 25 శాతము, స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులు మున్నగు ప్రత్యేక వర్గములకు 35 శాతము. బ్యాంకు అధికారి మొట్టమొదట అడుగునది ప్రాజెక్టు నివేదిక. దానిని బయటివారిచే వ్రాయించుకొన్నవాడు అధికారి ప్రశ్నకు నిలువలేడు. తానే వ్రాసికొన్నవాడు నిలుచును. వేరుశనగ చిక్కీ తయారీయో, పప్పు మిల్లో, దుప్పట్ల కుట్టుపనియో, ఏదైనను సరే, నెలనెలా ఎంత వచ్చును, ఎంత పోవును, ఏ నెలలో చేతిలో నగదు కొరవడును అని ముందుగా వ్రాసి చూచుకొనుట మూడేండ్ల చదువు నేర్పు విద్యలలో ముఖ్యమైనది.

చేరుటకు ముందు అడుగవలసినవి

కళాశాలను ఎన్నుకొనునపుడు తల్లిదండ్రులు భవనములను చూచి మోసపోరాదు. పాఠము చెప్పు అధ్యాపకులు స్థిరముగా నున్నవారా, ఏటేట మారువారా? కాస్టింగునకు, గణాంకములకు ప్రత్యేక అధ్యాపకులున్నారా? ఇంటర్న్‌షిప్పునకు విద్యార్థులను ఏ సంస్థలకు పంపినారో పేర్లు చెప్పగలరా? కంప్యూటరు మీద లెక్కలు వ్రాయుట, పట్టికలు కట్టుట నిజముగా చేయించుచున్నారా? బోధనారుసుము వాపసు పథకము వర్తించునా, వర్తించినను చేతినుండి కట్టవలసినదెంత? ఈ ప్రశ్నలకు మొగమోటము లేక సమాధానము చెప్పు కళాశాల చిన్నదైనను మంచిది.

భాష విషయమును దాటవేయరాదు. ఈ కోర్సు ఆంగ్ల మాధ్యమమున సాగును. పదవ తరగతివరకు తెలుగులో చదివిన పల్లె విద్యార్థికి మొదటి సంవత్సరము దుర్గమముగా నుండును. పెక్కుమంది తెలివి చాలక గాక, భాష చాలక వెనుకబడుదురు. మొదటి సెమిస్టరులో అధ్యాపకుడు ప్రతి భావమును ముందు తెలుగులో వివరించి, పిదప ఆంగ్ల పదమును అందించినచో ఈ కష్టము సగము తీరును. అట్లే, కుటుంబము సుగ్గికి పోయిన నెలలలో ఒంటరిగా ఇంటిని చూచుకొనుచు కళాశాలకు రావలసిన విద్యార్థుల హాజరును యాంత్రికముగా లెక్కింపక, వసతి గృహములలో చోటు చూపుట కళాశాలల ధర్మము.

మేనేజిమెంటు చదువు మనుష్యుని ఊరికి దూరము చేయుననియు, లాభమే పరమార్థమని బోధించుననియు కొందరు పెద్దలు ఆక్షేపింతురు. ఆ భయము నిరాధారము కాదు. నగరములలోని కొలువుకొరకే తీర్చబడిన చదువు అట్టి ఫలమునే యిచ్చును. కాని లెక్క తెలియని సత్సంకల్పము ఎన్ని సహకార సంఘములను ముంచినదో, ఎన్ని పొదుపు సంఘముల సొమ్మును కరగించినదో మన జిల్లా ప్రజలకు తెలియనిది కాదు. నిజాయితీకి లెక్క కావలెను. లెక్కకు నిజాయితీ కావలెను. ఈ రెండింటిని కలిపి నేర్పుటయే డిగ్రీ కళాశాల చేయదగిన పని.

అందుకు కొత్త చట్టమును, కొత్త భవనమును ఎదురుచూడనక్కరలేదు. ఆదోని మార్కెట్ కమిటీయును, ఎమ్మిగనూరు చేనేత సంఘమును, గ్రామీణ బ్యాంకు శాఖలును, మండలములలోని రైతు సంఘములును ఏటేట కొందరు విద్యార్థులను ఇంటర్న్‌షిప్పునకు చేర్చుకొని, తమ లెక్కల పుస్తకములను వారియెదుట తెరచి, పనిని అప్పగించి, తప్పును దిద్దినచో చాలును. కళాశాలలు ఆ సంస్థల తలుపు తట్టవలెను. సంస్థలు ఆ తలుపు తీయవలెను. రానున్న విద్యాసంవత్సరమున ఒక్కొక్క కళాశాల పదిమందిని ఇట్లు పంపినను, అయిదేండ్లు గడచునప్పటికి సి.బెళగల్‌నుండి ఆదోనివరకు ప్రతి మండలమునకును తన సరుకును తానే తూచుకొని, తన లెక్కను తానే వ్రాసికొని, తన బేరమును తానే ఆడుకొనగల యువజన బృందమొకటి సిద్ధమగును.